జాలితో చందా వస్తుంది, లెక్కతో గ్రాంట్ వస్తుంది: సేవా సంస్థలు ప్రపోజల్ ఎలా రాయాలి?

కొత్తపేట: వరదొస్తే లంకల్లోకి పడవ మీద అన్నం పొట్లాలు తీసుకెళ్లేవాళ్లు, అర్ధరాత్రి రక్తం కావాలంటే దాతను బండి ఎక్కించుకుని అమలాపురం, కాకినాడ దాకా వెళ్లేవాళ్లు, ఎవరూ లేని ముసలివాళ్లకు పూట భోజనం అందించేవాళ్లు కోనసీమలో ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. లంకల గన్నవరంలో ఉండి, వచ్చిన ప్రతి మనిషికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి (1841-1909) నేల ఇది. సేవ చేసే మనసుకు ఇక్కడ కొరత లేదు. కొరతంతా ఆ సేవ ఏడాది పొడవునా నడవడానికి కావల్సిన డబ్బు దగ్గరే.

డబ్బు ఇచ్చే చోట్లు ఉన్నాయి. ప్రభుత్వ పథకాలు ఉన్నాయి, కంపెనీల సీఎస్ఆర్ నిధులు ఉన్నాయి, పెద్ద ట్రస్టులు ఉన్నాయి. వాళ్లను చేరాలంటే ప్రపోజల్ రాయాలి. మన చిన్న సంస్థలు చాలా వరకు ఆగిపోయేది ఇక్కడే. ఇంగ్లిష్ రాదని కొందరు, పలుకుబడి లేదని కొందరు వదిలేస్తారు. రాసినవాళ్లలో చాలామంది అర్జీ రాస్తారు గానీ ప్రపోజల్ రాయరు. ఈ రెండింటికీ తేడా తెలిస్తే సగం పని అయినట్టే.

అర్జీ వేరు, ప్రపోజల్ వేరు

అర్జీలో మన కష్టం చెప్పుకుంటాం, దయ చూపమంటాం. ఇచ్చేవాళ్లు కరిగితే ఇస్తారు. గ్రాంట్ అలా రాదు. అది తిరిగి కట్టక్కర్లేని డబ్బే గానీ, ఊరికే వచ్చే డబ్బు మాత్రం కాదు. ఫలానా మనుషులకు, ఫలానా పని, ఇంత కాలంలో, ఇంత ఖర్చుతో చేస్తాం, చేశామో లేదో ఇలా కొలిచి చూపిస్తాం అని రాసిచ్చి తీసుకునేది. ఒక రకంగా అమానత్. మన చేతికి వచ్చినా మన సొమ్ము కాదు.

కాబట్టి దాత కూర్చుని చదివేటప్పుడు అతని మనసులో ఉండే ప్రశ్నలు నాలుగే. అవసరం నిజమేనా? వీళ్లు చెప్పే పనితో ఆ అవసరం తీరుతుందా? అడిగిన డబ్బు ఆ పనికి సరిపోతుందా, మరీ ఎక్కువా? రేపు వీళ్లు లెక్క చెప్పగలరా? ఈ నాలుగింటికీ జవాబు దొరికితే భాష కాస్త అటూఇటూ ఉన్నా ఇబ్బంది లేదు. దొరక్కపోతే ఎంత అందమైన ఇంగ్లిష్ రాసినా ఫలితం ఉండదు.

కాటన్ దొర రాసింది కూడా ప్రపోజలే

ఈ విషయం అర్థం కావడానికి కోనసీమ వాళ్లు దూరం వెళ్లక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టకముందు గోదావరి డెల్టా కరువులతో అల్లాడింది. 1832-33 నాటి నందన కరువు తర్వాత జనం తగ్గారు, శిస్తు పడిపోయింది. 1840లలో ఆర్థర్ కాటన్ ఈ ప్రాంతం తిరిగి చూసి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. అందులో కరువు గురించి బాధపడి ఊరుకోలేదు. గోదావరిలో నీరు ఎంత వృథాగా సముద్రంలో కలుస్తోంది, ఆనకట్టకు, కాలువలకు ఖర్చెంత, ఎంత భూమి తడుస్తుంది, ఆదాయం ఎంత పెరుగుతుంది అని లెక్క వేశాడు. నదికి కట్టలు, కాలువలు ఉన్న తంజావూరు ఎలా పండుతోందో పక్కన పెట్టి చూపించాడు. 1846 చివర్లో కంపెనీ డైరెక్టర్లు ఒప్పుకున్నారు. 1847లో పని మొదలై 1852కి ఆనకట్ట పూర్తయింది.

డబ్బు ఇచ్చేవాళ్లకు కావల్సింది శిస్తు. కాటన్‌కు కావల్సింది నీరు. వాళ్లకు అర్థమయ్యే లెక్కలో రాసి, తాను అనుకున్న పని చేయించుకున్నాడు. దాత భాషలో మాట్లాడాలి, కానీ మన పని మార్చుకోకూడదు. నేటి ప్రపోజల్‌కు కూడా ఇదే సూత్రం.

ముందు కాగితాలు సరిచూసుకోండి

ప్రపోజల్ ఎంత బాగున్నా, సంస్థ కాగితాలు లేకపోతే మొదటి వడపోతలోనే పోతుంది. కనీసం ఇవి ఉండాలి:

- రిజిస్ట్రేషన్. సొసైటీ అయితే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద. కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ట్రస్టుగా గానీ, కంపెనీల చట్టం సెక్షన్ 8 కింద గానీ కూడా పెట్టుకోవచ్చు.
- సంస్థ పేరు మీద పాన్, బ్యాంకు ఖాతా. ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు తీసేలా ఉంటే నమ్మకం పెరుగుతుంది.
- ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏబీ, 80జీ నమోదు. మొదట ప్రొవిజనల్‌గా ఇస్తారు, తర్వాత రెగ్యులర్ చేసుకోవాలి. ఆదాయపు పన్ను చట్టం 2025 వల్ల సెక్షన్ నంబర్లు మారుతున్నాయి, వాడుకలో మాత్రం ఈ పాత పేర్లే నడుస్తున్నాయి.
- నీతి ఆయోగ్ నడిపే ఎన్జీవో దర్పణ్ పోర్టల్‌లో ఐడీ. కేంద్ర ప్రభుత్వ గ్రాంట్లకు ఇది అడుగుతారు.
- మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, మీటింగ్ మినిట్స్ పుస్తకం, వార్షిక నివేదిక.

రిజిస్ట్రేషన్ అయ్యాక ఏటా జిల్లా రిజిస్ట్రార్‌కు కమిటీ వివరాలు దాఖలు చేయడం చాలామంది మర్చిపోతారు. పదేళ్ల కిందటి కమిటీ పేర్లే రికార్డులో ఉంటే, అందులో ఇద్దరు చనిపోయి ఉంటే, దాతకు అనుమానం రాక ఏమవుతుంది?

ఇంకో మాట. వచ్చిన డబ్బును రకాల వారీగా వేరు చేసి రాసుకోవాలి. జకాత్ అని చెప్పి ఇచ్చింది వేరు, మామూలు చందా వేరు, ఫలానా పని కోసమని ఇచ్చిన గ్రాంట్ వేరు. ఒక దాని డబ్బు ఇంకో దానికి వాడితే ఎంత మంచి పనికి వాడినా ఆడిట్‌లో తప్పే.

ఎవరిని అడగాలి?

ప్రభుత్వ పథకాలు: వృద్ధుల ఆశ్రమాలు, డే కేర్ లాంటి వాటికి కేంద్ర సామాజిక న్యాయ శాఖ అటల్ వయో అభ్యుదయ యోజన కింద సంస్థలకు సాయం చేస్తుంది. దివ్యాంగుల కోసం పనిచేసే సంస్థలకు దీన్‌దయాళ్ దివ్యాంగజన్ పునరావాస పథకం ఉంది. దరఖాస్తులు ఇ-అనుదాన్ పోర్టల్‌లో పెట్టాలి. జిల్లా, రాష్ట్ర స్థాయి పరిశీలన ఉంటుంది కాబట్టి సంబంధిత జిల్లా అధికారికి మీ పని ముందే తెలిసి ఉండాలి. డబ్బు రావడానికి సమయం పడుతుంది, అప్పటిదాకా నడిపే ఓపిక ఉండాలి.

కంపెనీల సీఎస్ఆర్: కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 135 ప్రకారం 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. తాము పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. ఓఎన్జీసీ, గెయిల్ లాంటి సంస్థల కార్యకలాపాలు కోనసీమలో ఉన్నాయి కాబట్టి ఈ మాట మనకు ముఖ్యం. ఏ పనులకు ఇవ్వొచ్చో షెడ్యూల్ 7లో రాసి ఉంటుంది. వృద్ధాశ్రమాలు, పెద్దల డే కేర్‌లు, మహిళలకు, అనాథలకు వసతి గృహాలు అందులో ఉన్నాయి. మీ పని ఏ అంశం కిందికి వస్తుందో ప్రపోజల్‌లో మీరే రాయండి. సంస్థకు సీఎస్ఆర్-1 నంబరు ఉండాలి. కంపెనీతో సంబంధం లేని బయటి సంస్థ అయితే అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం చూపాలి.

విదేశాల నుంచి వచ్చే డబ్బు: దీని గురించి మన దగ్గర చాలా గందరగోళం ఉంది. కోనసీమ ఇళ్లలో కువైట్, ఖతర్, సౌదీ, దుబాయ్ వెళ్లినవాళ్లు లేని వీధి అరుదు. భారత పాస్‌పోర్ట్ ఉన్న మనవాళ్లు అక్కడి సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద లెక్కకు రాదు. పంపినవారి పాస్‌పోర్ట్ కాపీ, బ్యాంకు వివరం మాత్రం దగ్గర పెట్టుకోవాలి. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దానికి ఎఫ్సీఆర్ఏ కింద కేంద్ర హోం శాఖ అనుమతి లేకుండా ఒక్క రూపాయి తీసుకోకూడదు.

ఎఫ్సీఆర్ఏ నమోదుకు మూడేళ్ల ఉనికి, ఆ మూడేళ్లలో అసలు కార్యక్రమాల మీద కనీసం 15 లక్షల ఖర్చు చూపాలి. 2020 సవరణ తర్వాత ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే ఖాతా ఉండాలి. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. విదేశీ నిధి తీసుకున్న పెద్ద సంస్థ దాన్ని చిన్న సంస్థకు బదిలీ చేయకూడదు. వెనక పెద్ద ఎన్జీవోల ద్వారా నడిచిన చిన్న సంస్థలకు ఆ దారి మూసుకుపోయింది. 1969 నుంచి అనంతపురంలో పనిచేస్తున్న ఆర్డీటీ అంత పెద్ద సంస్థకే 2025లో ఎఫ్సీఆర్ఏ రెన్యువల్ చిక్కు వస్తే జనం రోడ్డెక్కాల్సి వచ్చింది. ఒకే దారి మీద ఆధారపడితే ఎంత ప్రమాదమో దీన్ని చూసి తెలుసుకోవాలి.

ఒక ఉదాహరణతో రాసి చూద్దాం

ఒక సంస్థ ఉందనుకుందాం. పిల్లలు గల్ఫ్‌కో హైదరాబాద్‌కో వెళ్లిపోతే ఊళ్లో ఒంటరిగా ఉండిపోయిన పెద్దవాళ్లకు ఇంటి దగ్గరే సాయం చేయాలన్నది వాళ్ల ఆలోచన. కొత్తపేట మండలంలో నాలుగు ఊళ్లు, 60 మంది పెద్దవాళ్లు. కింద వేసిన అంకెలన్నీ లెక్క చూపడానికే, మీ ఊరి అంకెలు మీరు వేసుకోండి.

సమస్య: "వృద్ధుల పరిస్థితి దయనీయంగా ఉంది" అని రాస్తే ఏమీ చెప్పనట్టే. ఆ నాలుగు ఊళ్లు తిరగండి. ఒంటరిగా ఎంతమంది ఉంటున్నారు, ఎంతమందికి బీపీ, షుగర్ ఉంది, చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారు, మందులు ఎవరు తెచ్చిపెడుతున్నారు అని ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. సచివాలయం సిబ్బందిని, ఏఎన్ఎమ్‌ను, ఆశా వర్కర్‌ను అడగండి. ఈ సొంత సర్వే ముందు ఏ ఇంటర్నెట్ గణాంకమూ నిలవదు.

గణాంకాలు వాడేటప్పుడు ఒక జాగ్రత్త. కోనసీమ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అంతకుముందు జరిగిన 2011 జనాభా లెక్కలు, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలలోని జిల్లా అంకెలు పాత తూర్పు గోదావరివి. వాటిని కోనసీమ అంకెలని రాస్తే, తెలిసిన దాత అక్కడే పట్టుకుంటాడు.

ప్రభుత్వం ఏం ఇస్తోందో కూడా రాయాలి. వృద్ధాప్య పింఛన్ 2024 జూలై నుంచి నెలకు 4,000 వస్తోంది. మరి ఇంకేం కావాలి అని దాత అడుగుతాడు. పింఛన్ డబ్బు చేతికి వస్తుంది గానీ బీపీ చూసే మనిషి, ఆసుపత్రికి తోడు వెళ్లే మనిషి రారు కదా. మీ సంస్థ పూడ్చేది ఆ ఖాళీనే అని స్పష్టంగా చెప్పండి.

లక్ష్యం: "వృద్ధుల జీవితాల్లో వెలుగు నింపడం" కొలవలేం. "60 మందిని ఏడాది పాటు వారానికి రెండుసార్లు ఇంటి దగ్గర కలవడం, బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు నెలకోసారి పరీక్ష, అవసరమైనవాళ్లను కొత్తపేట ప్రభుత్వ ఆసుపత్రికి తోడు తీసుకెళ్లడం" కొలవగలం.

పని లెక్క: 60 మంది, వారానికి రెండుసార్లు అంటే వారానికి 120 సందర్శనలు. ఇద్దరు కార్యకర్తలు, ఆరు రోజులు అంటే ఒక్కొక్కరికి రోజుకు 10 ఇళ్లు. ఇది చేయగలిగిన పనే. ఇదే 300 మందికి అని రాసి కార్యకర్తలు ఇద్దరే ఉంటే రోజుకు 50 ఇళ్లు పడతాయి. అది అబద్ధమని చదివేవాళ్లకు క్యాలిక్యులేటర్ లేకుండానే తెలిసిపోతుంది.

కాలం: కోనసీమలో పనుల క్యాలెండర్ రాసేవాళ్లు గోదావరిని మర్చిపోకూడదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వచ్చింది, లంకలు మునిగాయి. మీ పరిధిలో లంక ఊరు ఉంటే జూలై, ఆగస్టుల్లో పని ఎలా నడుస్తుందో రాయండి. మందులు ముందే ఇచ్చి ఉంచుతారా, పడవ ఖర్చు బడ్జెట్‌లో ఉందా? ఇలా రాస్తే మీకు ఆ నేల తెలుసని దాతకు అర్థమవుతుంది.

బడ్జెట్ ఇలా వేసుకోవచ్చు

- కార్యకర్తలు ఇద్దరు, నెలకు 12,000 చొప్పున: 2,88,000
- నర్సు, పార్ట్ టైమ్, నెలకు 15,000: 1,80,000
- కోఆర్డినేటర్, సగం సమయం, నెలకు 9,000: 1,08,000
- పెట్రోలు, ఆటో, పడవ, నెలకు 6,000: 72,000
- బీపీ మిషన్లు, గ్లూకోమీటర్లు, స్ట్రిప్స్: 60,000
- ఫోన్, రికార్డులు, నెలకు 1,500: 18,000
- ఆడిట్, అకౌంట్స్: 24,000
- మొత్తం: 7,50,000

అంటే ఒక్కొక్కరికి ఏడాదికి 12,500. నెలకు సుమారు 1,040. ఈ చివరి అంకె ప్రపోజల్‌లో తప్పకుండా రాయండి. దాత ఇతర ప్రపోజళ్లతో పోల్చేది దీన్నే.

ఇక్కడ మనవాళ్లు రెండు పొరపాట్లు చేస్తారు. ఒకటి, "ఇతర ఖర్చులు: 1,00,000" అని ఒక గుండు అంకె వేయడం. దేనికో చెప్పకపోతే అది కొట్టేస్తారు, మిగతా అంకెల మీద కూడా అనుమానం వస్తుంది. రెండోది, ఎక్కువ అడిగితే ఇవ్వరేమోనని జీతాలు, ఆడిట్ ఖర్చు దాచేయడం. ఇంటింటికీ తిరిగే ఆడపిల్లకు నెలకు 4,000 వేసి సేవ అనుకోమంటే ఆమె మూడో నెలలో మానేస్తుంది. ఆ తర్వాత నష్టపోయేది మందుల కోసం గుమ్మం వైపు చూసే పెద్దావిడ. సేవ చేసేవాళ్లకు న్యాయమైన జీతం అడగడం సిగ్గుపడాల్సిన విషయం కాదు.

స్థానికంగా దొరికేది కూడా చూపండి. గది ఎవరైనా ఉచితంగా ఇచ్చారా, డాక్టర్ గారు నెలకో పూట ఉచితంగా చూస్తానన్నారా? ఊరి వాటా ఎంత ఉంటే దాతకు అంత ధైర్యం. వాళ్ల దగ్గర సంతకం పెట్టిన ఉత్తరం తీసుకుని జత చేయండి.

కొలత, తర్వాత ఏమిటి

ఎన్ని ఇళ్లకు వెళ్లామన్నది పని. వెళ్లినందువల్ల ఏం మారిందన్నది ఫలితం. రెండూ వేరు. మొదటి నెలలో 60 మంది బీపీ, షుగర్ రాసుకోండి, ఆరో నెలలో, పన్నెండో నెలలో మళ్లీ రాయండి. మందులు మానేసినవాళ్లు ఎంతమంది తగ్గారు, బీపీ అదుపులోకి వచ్చినవాళ్లు ఎంతమంది అని చూపండి. అంకె తక్కువొచ్చినా ఎందుకో రాస్తే దాత అర్థం చేసుకుంటాడు. అందరికీ నూటికి నూరు అని రాస్తేనే నమ్మడు.

గ్రాంట్ అయిపోయాక ఏమిటన్న ప్రశ్నకు "మరో దాతను వెతుకుతాం" అని రాయకండి. గల్ఫ్‌లో ఉన్న పిల్లలు తమ తల్లిదండ్రుల కోసం నెలకు కొంత కట్టగలరా? కట్టలేని ఇళ్లకు ఊరి చందా సరిపోతుందా? రెండో ఏడాది ఖర్చులో ఎంత భాగం స్థానికంగా వస్తుందో ఒక అంకె చెప్పగలిగితే చాలు.

ఇవి చేయకండి

ఒకే ప్రపోజల్‌ను పేరు మార్చి పది చోట్లకు పంపకండి. ఫలానా కంపెనీకి రాసిన ఉత్తరంలో ఇంకో కంపెనీ పేరు మిగిలిపోతే అంతటితో సరి.

డబ్బు ఉన్న వైపు పని మార్చుకోకండి. పెద్దవాళ్ల కోసం పెట్టిన సంస్థ, ఈ ఏడాది కంప్యూటర్ శిక్షణకు నిధులున్నాయని అటు వెళ్తే, అదీ సరిగ్గా రాదు, ఇదీ పోతుంది.

సాయం పొందేవాళ్ల పరువు తీయకండి. చిరిగిన బట్టల్లో ఫొటో, పేరు, ఊరు, జబ్బు అన్నీ వేసి పంపడం మన దగ్గర మామూలైపోయింది. అనుమతి అడగండి. పేరు మార్చండి. మన తల్లి ఫొటో అలా వెళ్తే ఒప్పుకుంటామా అని ఒక్కసారి ఆలోచించండి.

"ఫండ్ మేం తెప్పిస్తాం, 10 శాతం కమీషన్ ఇవ్వండి" అనేవాళ్లకు దూరంగా ఉండండి. గ్రాంట్ బడ్జెట్‌లో కమీషన్ అనే పద్దు ఉండదు. ఇవ్వాలంటే దొంగ వోచర్ రాయాలి. రేపు సంతకం పెట్టినవాళ్లే ఇరుక్కుంటారు.

వచ్చాక అసలు పరీక్ష

గ్రాంట్ మంజూరైన రోజు దండలు వేసుకుని ఫొటో దిగడం సరే. ఆ రోజే వోచర్ల ఫైలు కూడా తెరవాలి. ప్రతి ఖర్చుకూ బిల్లు, వీలైనంతవరకు బ్యాంకు ద్వారా చెల్లింపు, మూడు నెలలకో చిన్న రిపోర్ట్, చివర్లో చార్టర్డ్ అకౌంటెంట్ సంతకంతో యుటిలైజేషన్ సర్టిఫికెట్. ఒక పద్దులో డబ్బు మిగిలి ఇంకో దానికి వాడాలంటే ముందు దాతకు రాసి అనుమతి తీసుకోవాలి, వాడేసి తర్వాత చెప్పడం కుదరదు. లెక్క సరిగ్గా ఇచ్చిన సంస్థకు రెండోసారి అడగడం తేలిక. ఇవ్వని సంస్థ వల్ల ఆ ఊరి మిగతా సంస్థలకు కూడా తలుపులు మూసుకుంటాయి.

మూడేళ్ల అనుభవం, ఆడిట్‌లు లేని కొత్త సంస్థలు నిరుత్సాహపడక్కర్లేదు. ఈ ఏడాది చేస్తున్న పనికే రిజిస్టర్ పెట్టండి. ఎవరికి, ఏ తేదీన, ఎంత సాయం చేశారో రాయండి. చిన్న చందాకైనా రశీదు ఇవ్వండి. 80జీ ఉంటే 2,000 దాటిన నగదు విరాళానికి దాతకు పన్ను మినహాయింపు రాదని చెప్పి బ్యాంకు ద్వారా తీసుకోండి. మూడేళ్లు ఇలా రాసుకుంటే అదే మీ ట్రాక్ రికార్డు అవుతుంది. ఈలోగా అనుభవం ఉన్న సంస్థ దరఖాస్తు పెడితే మీరు క్షేత్రంలో పని చూసుకునేలా ఒప్పందం రాసుకోవచ్చు, అది విదేశీ నిధి కాకపోతే.

మొదటి అడుగుగా ఈ శుక్రవారమో ఆదివారమో కమిటీ అంతా కూర్చుని ఒకే ఒక్క పేజీ రాయండి, తెలుగులోనే. ఎవరి కోసం, ఎంతమంది, ఏం పని, ఎంత ఖర్చు, ఎలా కొలుస్తాం. ఈ అయిదింటి మీద కమిటీలో అందరూ ఒకే మాట చెప్పగలిగితే, ఇంగ్లిష్‌లోకి మార్చిపెట్టే టీచరో, డిగ్రీ చదివే పిల్లో మీ వీధిలోనే దొరుకుతారు. ఆ అయిదూ తేలకపోతే మాత్రం ఎవరు రాసిపెట్టినా నిలవదు.